బాక్సింగ్ చిత్రం ఉన్న ఆర్ట్ ప్రింటు మీద 7/50 అని ఉంటే 43/50 కంటే ఎక్కువ ధర పలుకుతుందా?

సాధారణంగా పలకదు. కింది అంకె మొత్తం ఎన్ని కాపీలు తీశారో చెబుతుంది, పై అంకె ఈ కాపీకి వేసిన నంబరు, అంతే. సంతకం చేసేటప్పుడు కాగితాలు అచ్చు తీసిన వరుసలోనే ఉండాలని కూడా లేదు. ధరను నడిపేది చిత్రకారుడి పేరు, సంతకం, ఎడిషన్ (తీసిన మొత్తం కాపీలు) ఎంత చిన్నది, కాగితం ఎలా ఉంది అన్నవే. విజయవాడ తేమకి కాగితం మీద గోధుమ రంగు మచ్చలు పడితే ఒకటో నంబరైనా రేటు పడిపోతుంది.

అసలు అచ్చుకీ పోస్టరుకీ ఉన్న తేడాకి ఒక ఉదాహరణ: అమెరికా చిత్రకారుడు జార్జ్ బెల్లోస్ 1909లో వేసిన ఒక బాక్సింగ్ తైలవర్ణ చిత్రాన్నే 1917లో రాతి అచ్చుగా, అంటే లితోగ్రాఫ్‌గా చేశాడు. కొనేవాళ్లు వెతికేది ఆ అచ్చుని. ఆ చిత్రం ఫొటోని పోస్టరుగా వేసి బీసెంట్ రోడ్డులో ఎంత మంచి ఫ్రేము కట్టించినా అది పోస్టరే (ఫ్రేముకే ఎక్కువవుతుంది).

చిన్న నంబరు గొప్పదన్న అపోహ ఊరికే రాలేదు. రాగి రేకు మీద సూదితో గీసే డ్రైపాయింట్‌లో గీతలు త్వరగా అరుగుతాయి, మొదటి కాపీలే స్పష్టంగా వస్తాయి. డిజిటల్ ప్రింట్లకు ఆ లెక్క వర్తించదు.