2^13,62,79,841 − 1: అంకెలన్నీ రాయకుండానే దాని గురించి ఎలా చెబుతారు?

2024 అక్టోబరులో ల్యూక్ డ్యూరాంట్ కనుక్కొన్న ఈ మెర్సెన్ ప్రధాన సంఖ్యలో (2 ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చే ప్రధాన సంఖ్య) ఎన్ని అంకెలో, అది ప్రధాన సంఖ్యేనని ఎలా తేలుస్తారో ఒకరు అడిగారు. రెండూ ఘాతాంకం, అంటే 2 మీదున్న 13,62,79,841 పట్టుకుని చేసే లెక్కలే.

ముందు అంకెలు. ఘాతాంకాన్ని 10 ఆధారంగా 2కి ఉన్న సంవర్గమానంతో (లాగరిథం) గుణించి, పూర్ణాంక భాగానికి 1 కలపాలి. బడిలో వాడిన పట్టికలోని 0.30103 వేస్తే 4,10,24,320.54 వస్తుంది, అంటే 4,10,24,321 అంకెలు. ఇది తప్పు. 0.30102999566 వేస్తే 4,10,24,319.945, అంటే 4,10,24,320 అంకెలు. సరైన జవాబు ఇదే. పట్టికలో సవరించి వదిలేసిన పిసరంత తేడా పదమూడు కోట్లతో గుణించేసరికి 0.59 అయి కూర్చుంది. మిగిలిన 0.945ను పారేయకండి: 10^0.945 అంటే దాదాపు 8.81, కాబట్టి సంఖ్య 88తో మొదలవుతుంది.

చివరి రెండు అంకెలు 20 ఘాతాలకోసారి తిరిగొస్తాయి. మన ఘాతాంకాన్ని 20తో భాగిస్తే శేషం 1. అలాగని 2^1 తీసుకోకూడదు, ఆ చక్రం 2^2 దగ్గర మొదలవుతుంది. 2^21 = 20,97,152 తీసుకోండి. చివర 52, ఒకటి తీసేస్తే 51.

ఇక పరీక్ష. దాని పేరు లూకాస్–లేమర్. 2^7 − 1 = 127తో కాగితం మీద చేసి చూడండి. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి 2 తీసేసి, 127తో భాగించిన శేషం ఉంచుకోవాలి. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు, అంటే ఐదుసార్లు: 4, 14, 67, 42, 111, 0. చివర సున్నా వస్తే ప్రధాన సంఖ్య.

ఇందులో నాకు బాగా నచ్చేది, అసలు భాగహారమే అక్కర్లేకపోవడం. 67 వర్గంలో 2 తీసేస్తే 4,487. 127 బదులు దాని పక్కనున్న 128 (2^7) పట్టుకోండి: అందులో 128లు 35, మిగిలింది 7. రెండూ కూడితే 42, అదే శేషం. ద్విసంఖ్యామానంలో ఇది పైబిట్లను కిందిబిట్లకు కూడడమే. చివరి మెట్టులో 12,319కి 96 + 31 = 127 వస్తుంది. దాన్ని సున్నాగా లెక్కించాలని ప్రోగ్రాంలో రాయకపోతే, నిజమైన ప్రధాన సంఖ్యను కాదని చెబుతుంది. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు. ఘాతాంకం 11 ఇచ్చీ సరిచూడండి: 2,047 = 23 × 89 కాబట్టి చివర సున్నా రాకూడదు, 1,736 రావాలి.

ల్యాప్‌టాప్‌లో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఘాతాంకం 11,213 హాయిగా తేలుతుంది. 19,937కి వెళ్తే 6,002 అంకెలు. పైథాన్ 3.11 నుంచి 4,300 అంకెలు దాటినదాన్ని మామూలుగా ముద్రించదు, ఎర్రర్ ఇస్తుంది. లెక్క తప్పిందనుకోకండి. హెక్సాడెసిమల్‌లో (16 ఆధారంగా రాసే పద్ధతి) ముద్రిస్తే ఆ హద్దు అడ్డురాదు.

డ్యూరాంట్ సంఖ్యకు 13,62,79,839 వర్గాలు చేయాలి. మధ్యలో ఒక్క బిట్ తప్పినా చివరి శేషం చెత్తే. అందుకే ముందు జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద 3 ఆధారంగా ఫెర్మా పరీక్షలో, అంటే ప్రధాన సంఖ్య కావచ్చని మాత్రమే చెప్పే పరీక్షలో గట్టెక్కాక, వేరే యంత్రాల మీద, వేరే ప్రోగ్రాములతో లూకాస్–లేమర్ నడిపి ఖాయం చేశారు.