మూడో తరగతి పిల్లలతో విరాళాల ప్రాజెక్టు చేయించవచ్చా? మా బడిలో మేం చేసిన పద్ధతి

మీరు అడిగింది ఇదీ: చిన్న తరగతి పిల్లలతో ఒక మంచి పనికి డబ్బు పోగుచేయించి, దాన్నే పాఠంగా నడపవచ్చా, సిలబస్ వెనకబడుతుందేమో, తల్లిదండ్రులు ఏమంటారో అని. చేయించవచ్చండి. నేను కోనసీమలో, అంబాజీపేటకి దగ్గర్లో ఒక మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. మా మూడో తరగతితో చేయించాను. నేను గట్టిగా పట్టుకున్న షరతులు రెండే. డబ్బు పిల్లలు ఇంటి దగ్గర అడిగి తేకూడదు, వాళ్ల చేతి పనితో రావాలి. ఆ డబ్బు లెక్క కూడా వాళ్లే రాయాలి. ఈ రెండూ లేకపోతే అది చందాల వసూలు అవుతుంది గానీ చదువు అవదు.

ముందు ఎవరికి ఇవ్వాలి, ఏం ఇవ్వాలి అన్నది తేల్చాలి. ఇక్కడ అసలు తొందరపడకండి. గోదావరి వరద మా పిల్లలకి కొత్త కాదు, 2022 జులైలో వచ్చినది వాళ్ల ఇళ్లలో ఇప్పటికీ మాటల్లోకి వస్తూనే ఉంటుంది. అందుకని వరదతోనే మొదలుపెట్టాను. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే ఒకటో ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో తరగతికి దశాంశాలు రావు. కానీ ఒకటికీ రెండుకీ మధ్య రెండడుగులు, రెండుకీ మూడుకీ మధ్య నాలుగడుగులు అని బోర్డు మీద గీతలు గీసి చూపిస్తే వెంటనే పట్టేశారు. 1986 ఆగస్టు వరద గురించి తాతయ్యల్నీ మామ్మల్నీ అడిగి రమ్మన్నాను. గట్టు మీద ఎవరు పడుకున్నారు, గొడ్ల కట్లు ఎవరు విప్పారు, అన్నం ఎవరు పెట్టారు అని ఒక్కొక్కరూ ఒక్కో కథ మోసుకొచ్చారు. రోజూ బడిలో తినే భోజనం పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు ఎందుకు పెట్టారో చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం నాకు దొరకలేదు. ఆవిడ మనకి దగ్గరే ఉన్న లంకల గన్నవరంలో, వేళ చూడకుండా వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన మనిషి అని తెలిశాక పిల్లల ముఖాలు చూడాలి!

ఏటి అవతల ఒక లంకలో (చుట్టూ గోదావరి నీళ్లుండే దిబ్బ మీది ఊరు) చిన్న బడి ఉంది. దానికి సాయం చేద్దామని పిల్లలే అన్నారు. ఏం కావాలో రాయమంటే బోర్డు మీద బియ్యం, పాత బట్టలు, నోటు పుస్తకాలు అని రాశారు. అప్పుడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "మా పిన్నిగారబ్బాయి ఆ బళ్లోనే చదువుతున్నాడండి. ఆళ్ల బట్టలు తడిసినా ఆరిపోయాయి కదండి. పాతవెందుకండి?" అంది. నేను ఆ పీరియడ్‌లో ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. వాళ్లనే అడుగుదాం అని నిర్ణయమైంది. తెలుగు పీరియడ్లో ఉత్తరం రాశాం. అందరూ రాశారు, అందులోంచి ఒకటి వాళ్లే ఎంచుకున్నారు. "మీకేం కావాలి" అన్న వాక్యం దగ్గరే చాలాసేపు వాదించుకున్నారు, అలా అడిగితే వాళ్లకి చిన్నతనంగా ఉంటుందేమో అని. చివరికి "వరద వచ్చినప్పుడు మీ బడిలో ఏం పాడవుతుంది?" అని మార్చారు. ఈ మార్పు నేను చెప్పింది కాదు.

అటు నుంచి పెన్సిలుతో రాసిన జవాబు వచ్చింది. పాఠ్యపుస్తకాలు మళ్లీ ఇస్తారు, కథల పుస్తకాలు మాత్రం తడిస్తే అట్టలు ఉబ్బి, పేజీలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములు ఉంటే హెచ్చరిక రాగానే అందులో వేసి ఎత్తున పెట్టుకుంటాం అని. మా పిల్లల జాబితాలో డ్రమ్ము ఊసే లేదు. మీరు ఏ సాయం ఎంచుకున్నా ఈ అడిగే మెట్టు మాత్రం దాటేయకండి. ప్రాజెక్టు మొత్తంలో నేను దేన్నైనా వదులుకుంటాను గానీ దీన్ని వదులుకోను.

ఇక డబ్బు. మాకు ఉన్నదల్లా కొబ్బరి. చిప్పలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి, ఉన్నవాళ్ల పిల్లలూ లేనివాళ్ల పిల్లలూ సమానంగా తేగలిగిన వస్తువు అదే. చిప్పకి అడుగున చిల్లు పెట్టి (ఆ పని పెద్దవాళ్లదే), కొబ్బరి పొట్టు నింపి, బంతి నారు పోశాం. దసరా సెలవుల తర్వాత పోస్తే అమ్మకానికి కార్తీక మాసం చివర్లో తయారవుతుంది, కొన్నవాళ్లకి సంక్రాంతి గొబ్బెమ్మల వేళకి పూలు పూస్తాయి. పిల్లలు అదే చెప్పి అమ్మారు.

లెక్కల్లో దొరికిన పాఠం ఏ పుస్తకంలోనూ ఇంత బాగా దొరకదు. చిన్న అంకెలతో చెబుతాను. గింజలు, పొట్టు, ఎరువు అన్నీ కలిపి 240 రూపాయలు, 80 చిప్పలు. ఒక్కో మొక్కకి 3 రూపాయలు పడిందని పిల్లలు గబగబా భాగించేశారు. తర్వాత కొన్ని చిప్పల్లో మొలక రాలేదు, వచ్చినవి కొన్ని కుళ్లిపోయాయి, అలా 20 పోగా మిగిలినవి 60. "చచ్చిపోయిన వాటి డబ్బులు ఎవరిస్తారండి?" అని ఒక కుర్రాడు అడిగాడు. ఎవరూ ఇవ్వరు. 240ని ఇప్పుడు 60తో భాగించాలి, మొక్కకి 4 రూపాయలు. ఇది అర్థం కావడానికి కడియం నర్సరీల నుంచి బండి మీద మొక్కలు తెచ్చి మా ఊళ్లో అమ్మే ఆయన్ని గేటు దగ్గర ఆపి మాట్లాడించాను. దారిలో వాడిపోయేవి కూడా ధరలో వేసుకోకపోతే నేను మునిగిపోతాను అని ఆయన చెప్పింది పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకున్నారు. ఆ తర్వాతే ధర పెట్టారు, 15 రూపాయలు.

పెట్టుబడి నేను అప్పుగా ఇచ్చాను, ఊరికే ఇవ్వలేదు. కాగితం మీద రాయించుకున్నాను కూడా. 60 మొక్కలు 15 చొప్పున అమ్మితే 900, అందులో 240 అప్పు తీర్చేస్తే 660 అనేసరికి కొందరికి దిగులేసింది. డబ్బాలో ఉన్నదంతా లాభం కాదని అంత చిన్న వయసులో తెలియడం మంచిదే.

ఒకరోజు సాయంత్రం లెక్క కుదరలేదు. 7 మొక్కలు మిగిలాయి, అంటే 53 అమ్మినట్టు, 795 ఉండాలి. డబ్బాలో 780 ఉంది. అప్పటికే గంట కొట్టేసినా ఒక్కరూ కదల్లేదు. మళ్లీ మళ్లీ లెక్కపెట్టారు, చిల్లర విడిగా, నోట్లు విడిగా. ఆఖరికి ఒక పిల్లకి గుర్తొచ్చింది, వంట చేసే ఆయమ్మ "రేపిస్తానమ్మా" అని ఒక చిప్ప తీసుకెళ్లిందని. మర్నాటి నుంచి పుస్తకంలో "అరువు" అని ఇంకో గడి వచ్చింది. అప్పు తెచ్చుకునే తీసివేతలంటే మొహం తిప్పుకునే పిల్లలు ఆ పుస్తకం తమకివ్వమని పోట్లాడుకునేవారు. రోజుకి ఇద్దరు చొప్పున వంతులు వేశాను.

సిలబస్ సంగతి: లెక్క లెక్కల పీరియడ్లో, ఉత్తరాలూ పోస్టర్లూ తెలుగులో, మొలకా వేరూ నీళ్లూ పరిసరాల విజ్ఞానంలో. విడిగా టైమ్ తీసుకున్నది అమ్మకం రోజుల్లోనే. అమెరికా విద్యావేత్త జాన్ డ్యూయీ శిష్యుడు కిల్‌పాట్రిక్ 1918లో ప్రాజెక్టు పద్ధతి గురించి రాసిన వ్యాసం మనం ట్రైనింగ్‌లో చదివాం కదా, పిల్లలు మనసుపెట్టి, ఒక ఉద్దేశంతో, నలుగురి మధ్య చేసే పనే ప్రాజెక్టు అని. 1937 వార్ధా సమావేశం నుంచి గాంధీగారి నయీ తాలీమ్ కూడా చేతిపని ద్వారా చదువు అనే చెప్పింది. మీ హెడ్ మాస్టారు ఒప్పుకోకపోతే జాతీయ విద్యా విధానం 2020 చూపించండి, అన్ని దశల్లోనూ అనుభవం ద్వారా నేర్చుకోవడం ఉండాలని అందులోనే ఉంది.

తల్లిదండ్రుల్లో ఒకరిద్దరు "చదువుకోమని పంపితే మొక్కలు అమ్మిస్తారా" అన్నారు. వాళ్లకి నేను జవాబు చెప్పలేదు, మీటింగులో పిల్లల చేత లెక్కల పుస్తకం చదివించాను. ఆ తర్వాత ఆ మాట రాలేదు. డబ్బు మాత్రం పెద్దవాళ్ల చేతిలో, అదీ ఒక్కరి చేతిలో కాకుండా, పేరెంట్స్ కమిటీలో ఒకరూ టీచరూ కలిసి సంతకం పెట్టేలా ఉంచండి. సొంత ఫోన్ నంబరుకి డబ్బు వేయించుకోవద్దు. పిల్లల్ని ఇంటింటికీ పంపవద్దు, అమ్మకం బడి ఆవరణలోనే పెట్టండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఎవరు ఎక్కువ అమ్మితే వాళ్లకి బహుమతి అని పెట్టకండి. గోడ మీద పిల్లల పేర్లూ పక్కన రూపాయలూ రాయకండి. విద్యాహక్కు చట్టం 2009లోని 17వ సెక్షన్ దెబ్బలతో పాటు మానసిక వేధింపునీ నిషేధించింది. తక్కువ అమ్మిన పిల్లని పదిమందిలో నిలబెట్టడం నా లెక్కలో వేధింపే. సొమ్మంతా తరగతిదే, పేరు కూడా తరగతిదే. అలాగే ఇచ్చేటప్పుడు అవతలి పిల్లల్ని వరసలో నిలబెట్టి ఫొటోలు తీయించకండి. మేం డ్రమ్ములు పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద దాటించాం, రెండు బడుల పిల్లలూ కలిసి పుస్తకాలు సర్దారు. ఇచ్చినవాళ్లెవరో పుచ్చుకున్నవాళ్లెవరో చూసేవాళ్లకి తెలియలేదు, నాకు అదే బాగా నచ్చింది.

మీరూ నారుతోనే చేయదలిస్తే ఒక జాగ్రత్త చెబుతాను. కొబ్బరి పొట్టుని రెండు మూడు నీళ్లు మార్చి బాగా కడిగి వాడండి, అందులో ఉప్పు ఉంటుంది, కడక్కపోతే మొలకలు పసుపెక్కిపోతాయి. అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను వానలు కాబట్టి చిప్పలు వరండాలోనే పెట్టించండి. నీళ్లు పోసే వంతు సెలవు రోజుల్లో ఎవరిదో ముందే రాసి పెట్టుకోండి.