సోడంబలి తాగిన పన్ను

విజయనగరం

చిరంజీవికి ఆశీస్సులు.

పాత పళ్లూ ఎముకలూ చూసి ఎవరేం తిన్నారో, ఎక్కడివాళ్లో చెప్పే శాస్త్రం మీద నువ్వు రాసిన వ్యాసం పోయిన వారం అందింది. ఒకసారి ఊరికే చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. ఆ గీతలు చూసి బెంగపడకు. నా మొదటి వ్యాసం తిరిగొచ్చినప్పుడు నా అక్షరాల కంటే ఎర్ర సిరాయే ఎక్కువ కనపడింది.

"మాస్ స్పెక్ట్రోమీటర్ అనునది..." అని మొదలుపెట్టావు. పరమాణువులను బరువును బట్టి విడదీసి లెక్కపెట్టే ఆ యంత్రమే పేజీన్నర. అసలు సంగతేమో కవరులో వేరే చీటీ మీద రాసి పడేశావు: "మా నాయనమ్మకి ఇప్పటికీ పొద్దున్నే సోడంబలి పడాలండి. మా సిన్నప్పుడు పండక్కే వరన్నం, మిగతా దినాలన్నీ అంబలే అంటాది." ఈ రెండు ముక్కలు వ్యాసంలోకి ఎందుకు రాలేదు? నాయనమ్మ వస్తే శాస్త్రం పలచబడిపోతుందని భయపడ్డట్టున్నావు. బాబూ, నువ్వు రాయబోయిన శాస్త్రం సగం ఆ అంబలి ముంతలోనే ఉంది.

గాలిలోని కార్బన్‌లో నూటికి ఒక పాలు కాస్త బరువైన రకం, కార్బన్-13. ఇలా ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలనే ఐసోటోపులంటారు. వరి ఆకు గాలి పీల్చుకునేటప్పుడు ఈ బరువుదాన్ని కొంత వెనక్కి నెట్టేస్తుంది. చోడి (రాగి), గంటె (సజ్జ), జొన్న, సామ, కొర్ర అంతగా నెట్టవు. కొలిచి చూస్తే వరి, గోధుమ, పప్పుధాన్యాలు మైనస్ 26 దగ్గర, చోడి జట్టు మైనస్ 12 దగ్గర తేలతాయి. ఒక ప్రామాణిక పదార్థంతో పోల్చి, వెయ్యికి ఇన్ని పాళ్లు తక్కువ అని చెప్పే లెక్క అది. అంబలి కాచినా, రొట్టె కాల్చినా ఆ తేడా చెరిగిపోదు. తిన్నవాళ్ల ఒంట్లోకి దిగుతుంది. 1977లో వోగెల్, వాన్ డెర్ మెర్వె అనే ఇద్దరు న్యూయార్క్ ప్రాంతపు పాత అస్థికల్లో మొక్కజొన్న తిండి జాడ పట్టింది ఈ తేడాతోనే. మొక్కజొన్నది కూడా చోడి జట్టే.

ఇక పన్ను. చిన్నప్పుడు ఊడిన పన్ను పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసిరేవాళ్లం, నువ్వూ విసిరే ఉంటావు. పాలపళ్లు పోయినా, తర్వాత వచ్చే దవడపళ్లలో మొదటిదాని పై పింగాణీ (ఎనామిల్) మనం పుట్టిన దగ్గర్నుంచి సుమారు మూడేళ్ల లోపే కట్టేస్తుంది. జ్ఞానదంతానిది ఏడెనిమిదేళ్ల వయసులో మొదలై పదహారు దాకా సాగుతుంది. కట్టాక ఇక మారదు. ఎముక అలా కాదు, బతికినన్నాళ్లూ పాతది కరిగి కొత్తది పోసుకుంటూనే ఉంటుంది. తొడ ఎముకలో పదేళ్లకు పైబడిన తిండి కలగలిసి ఉంటుంది. మీ నాయనమ్మ సంగతి ఇప్పుడు చూడు. పంట్లో అంబలి, ఎముకలో 1983 నుంచి వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం. మన జిల్లాల్లో ఒక తరం తిండి ఎలా మారిందో ఒక్క మనిషి ఒంట్లో కనపడుతుంది. నీ వ్యాసానికి ఇంతకంటే మంచి ఎత్తుగడ ఏం కావాలి?

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ నేను అసలు ఉత్తరం రాస్తున్నది నీ నాలుగో పేజీలో, వంశధార ఒడ్డునున్న పాత బౌద్ధ క్షేత్రం సాలిహుండం గురించి ఉన్న ఒక్క వాక్యం కోసం. "సాలిహుండం కొండ మీద నివసించిన భిక్షువులు ఎక్కడెక్కడి నుంచి వచ్చారో ఐసోటోపులు కచ్చితంగా చెప్పేస్తాయి." ఆ "కచ్చితంగా" కింద పెన్సిల్ విరిగిపోయింది.

కాల్షియంలాగే పంటిలోకీ ఎముకలోకీ చేరే లోహం స్ట్రాన్షియం గురించి నువ్వు రాసింది తప్పు కాదు. రాతిలో రుబీడియం-87 ఉంటుంది, అది 4,900 కోట్ల ఏళ్లకు సగం చొప్పున స్ట్రాన్షియం-87గా మారుతుంది. రాయి ఎంత పాతదైతే, రుబీడియం ఎంత ఎక్కువైతే, ఆ పాలు అంత పెరుగుతుంది. రాయి మట్టవుతుంది, మట్టి గింజలోకీ నీటిలోకీ, అక్కడి నుంచి పంటిలోకీ చేరుతుంది. మన తూర్పు కనుమల ఖొండలైటు, చార్నొకైటు రాళ్లు చాలా పాతవి. సముద్రంలోనేమో స్ట్రాన్షియం-87కీ స్ట్రాన్షియం-86కీ ఉన్న నిష్పత్తి ప్రపంచమంతటా ఒకటే, 0.7092. కాబట్టి కొండ మనిషినీ తీరం మనిషినీ ఇట్టే విడదీయొచ్చని నీకు అనిపించింది. కాగితం మీద అలాగే ఉంటుంది.

ఒకసారి వంశధార ఒడ్డున నిలబడి ఆలోచించు. ఆ నది ఒడిశా కొండల్లో పుట్టి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారి పొడవునా కొండల మట్టి మోసుకొచ్చి కింద పొలాల్లో పరుస్తుంది. కింద ఊళ్లో పుట్టి, ఆ వండ్రు మట్టిలో పండిన బియ్యం తిని, ఏటి నీళ్లే తాగినవాడి పంట్లో ఎక్కడో ఎగువ రాయి పలుకుతుంది. ఇక కొండ మీదివాడు సంతలో నౌపడ ఉప్పు కొనుక్కుని తిన్నాడనుకో, వాడి పంట్లో సముద్రం పలుకుతుంది. ఇది నా ఊహ కాదు. గ్వాటెమాలాలోని టికాల్ అనే మయ నగరంలో స్థానికుల పళ్ల లెక్క అక్కడి రాతితో సరిపోకపోతే, తెప్పించుకుని తిన్న సముద్రపు ఉప్పు దానికి కారణం కావచ్చని పరిశోధకులు చెప్పారు.

తిండి లెక్కలోనూ ఇదే చిక్కు. సముద్రపు చేప తిన్నా ఎముకలో కార్బన్ చోడి తిన్నట్టే బరువుగా కనపడుతుంది. భావనపాడు తీరంలో అంబలితో ఎండు నెత్తళ్లు నంజుకునే ఇంట్లో ఏది ఎంతో కార్బన్ ఒక్కటే విడదీయలేదు. నైట్రోజన్ కావాలి. తిండి గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ నైట్రోజన్-15 వెయ్యికి మూడు నుంచి అయిదు పాళ్లు పెరుగుతుంది. చేప చేపను తినే సముద్రంలో మెట్లు ఎక్కువ. అందుకే చేపలు తిన్నవాళ్లది బాగా ఎక్కువ చూపిస్తుంది. చంటిపిల్లలదీ ఎక్కువే ఉంటుంది, తల్లిపాలు తాగడమంటే తల్లి కంటే ఒక మెట్టు పైనుండడమే కదా. (ఈ మాట మాత్రం నీ వ్యాసంలో తప్పక పెట్టు. నేను ఎక్కడ చెప్పినా ఆడవాళ్లు ఒక్క క్షణం ఆగి నవ్వుతారు.) చెరకు కూడా చోడి జట్టే కాబట్టి బెల్లం ముక్కా లెక్కలోకి వస్తుంది. జొన్న చొప్ప మేసిన ఆవు పాలూ వస్తాయి.

అందుకని ఇక్కడి నీటి, తిండి లెక్క సరిగ్గా కొలిచి పెట్టుకుంటే పన్ను "ఇక్కడివాడు కాదు" అని గట్టిగా చెప్పగలదు. "అక్కడివాడు" అని చెప్పేటప్పుడు దాని గొంతు తగ్గిపోతుంది, ఎందుకంటే అదే అంకె ఇచ్చే నేలలు ఇంకా పది ఉండొచ్చు. నువ్వు ఆ రెండు వాక్యాలనూ ఒకే గొంతుతో రాశావు.

ఈ తప్పు నేనూ చేశాను. డెన్మార్క్‌లో ఎగ్ట్‌వెడ్ అనే చోట 1921లో ఓక్ మాను తొలిచిన పెట్టెలో ఒక అమ్మాయి సమాధి దొరికింది. క్రీస్తుపూర్వం 1370 నాటిది, అమ్మాయికి పదహారు పద్ధెనిమిదేళ్లు ఉంటాయి. 2015లో పంటినీ, వెంట్రుకల్నీ, గోళ్లనీ పరీక్షించి, ఆమె డెన్మార్క్‌లో పుట్టలేదు, బహుశా జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ ప్రాంతం నుంచి వచ్చి ఉంటుంది అన్నారు. వెంట్రుక నెలకు సుమారు సెంటీమీటరు పెరుగుతుంది. ఆమెది 23 సెంటీమీటర్లు, అంటే ఆఖరి రెండేళ్ల ప్రయాణాల చిట్టా. నాకు ఒళ్లు జలదరించింది. ఒక ఆదివారం అనుబంధానికి రాసేశాను. "బహుశా" తీసేశాను. పైపెచ్చు పెళ్లి చేసుకుని అత్తారింటికి వెళ్లిన పిల్ల అని ముడిపెట్టి, అప్పగింతల కన్నీళ్లు కూడా పెట్టించాను. బోలెడు ఉత్తరాలొచ్చాయి.

2019లో ఆర్హస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇద్దరు ఆ చుట్టుపక్కల నీళ్లు మళ్లీ కొలిచారు. అక్కడి రైతులు ఇప్పటి కాలంలో పొలాలకు సున్నం చల్లుతారు. ఆ సున్నంలోని స్ట్రాన్షియం వాగుల్లోకి దిగి స్థానిక లెక్కనే మార్చేసిందనీ, సున్నం పడని చోట కొలిస్తే ఆ పిల్ల స్థానికురాలే అయ్యే వీలుందనీ తేల్చారు. మొదటి బృందం ఒప్పుకోలేదు. వాళ్ల వాదన వాళ్లు చూసుకుంటారు. నేను ఏడిపించిన పాఠకులకు మాత్రం నేను మళ్లీ రాయలేదు. ఇప్పటికీ అది నాకు ముల్లే.

కాబట్టి మన జిల్లా గురించి రాసేటప్పుడు యూరియా, సూపర్ ఫాస్ఫేట్ పడిన మడి మట్టిని పట్టుకుని ఇదే ఇక్కడి లెక్క అనకు. దున్నని గుట్టల మీది మొక్కలు, నత్తలు, పాత ఎలుకల పళ్లు తీసుకుని కొలుస్తారు. ఆ పని ఎలా చేస్తారో ఒక పేరా రాయి, యంత్రం పేజీన్నర తీసేసి.

నీ భిక్షువులకు ఇంకో చిక్కుంది. దహనం చేస్తే ఎముకలోని ప్రోటీన్ కొల్లాజెన్ కాలిపోతుంది, పంటి పింగాణీ పగిలిపోతుంది. అయితే పూర్తిగా కాలి తెల్లబడిన ఎముక స్ట్రాన్షియాన్ని దాచుకుంటుందని తెలిశాక దారి దొరికింది. 2018లో ఇంగ్లండ్‌లోని పాత రాతి కట్టడం స్టోన్‌హెంజ్ దగ్గర దహనమైన 25 మంది ఎముకలు చూస్తే, పదిమంది ఆ సున్నపురాతి నేల మీద బతికినవాళ్లు కాదని తేలింది. దహనం మన దగ్గర మామూలు కాబట్టి మన పాఠకుడికి దీని విలువ వెంటనే తెలుస్తుంది. హిమాలయాల్లో వందల అస్థిపంజరాలు దొరికిన సరస్సు రూప్‌కుండ్ కూడా చేర్చు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ పాలుపంచుకున్న పని అది. 2019లో 38 మంది డీఎన్ఏ చూస్తే 14 మందిది తూర్పు మధ్యధరా వైపు వంశంగా తేలింది. తిండి లెక్క కూడా వాళ్లను మిగతావాళ్ల నుంచి వేరుగానే చూపించింది. రెండు సాక్ష్యాలు వేర్వేరు దారుల్లో వచ్చి ఒక్కచోట కలిస్తే, అక్కడ నువ్వు గొంతు పెంచి రాయొచ్చు.

ఒక్క సంగతి మాత్రం నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. మన తీరం నుంచి ఏటేటా గుజరాత్‌లోని వేరావల్‌కు పోయి బోట్ల మీద బతికేవాళ్లు ఎంతమంది! వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా వాళ్ల పళ్లు తీసి చూస్తే ఆ వలస దొరకదు. పళ్లు కట్టింది ఇక్కడే. తిన్న చేప ఆ సముద్రానిదైనా ఈ సముద్రానిదైనా 0.7092నే. దీన్ని నీ ఆఖరి పేజీలో ఎక్కడైనా పెట్టు. అంతగా కుదరకపోతే నాకు వదిలెయ్, నేను రాసుకుంటాను.

మళ్లీ రాసే ముందు నాయనమ్మ పక్కన కూర్చో. పుట్టిల్లు ఏ ఊరు, చిన్నప్పుడు ఏటి నీళ్లా నూతి నీళ్లా, ఉప్పు ఎక్కడి నుంచి వచ్చేది, ఆవిడ ఇంట రోజూ వరన్నం ఉడకడం ఏ ఏడు మొదలైంది, ఇవి అడుగు. ఆవిడ మాటలు ఆవిడ మాటల్లానే రాసి పంపు, దిద్దకు.