మూతపడ్డ కర్మాగారం స్థలంలో ఇంటి స్థలం కొనవచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా. మేము గిరిజనులం కాము. మా ఊరి పక్కన ఏళ్ల క్రితం మూతపడిన రసాయన కర్మాగారం స్థలాన్ని ఒక సంస్థ కొని, పాత షెడ్లను బడిగా, సంతగా మార్చి, సౌర విద్యుత్తు, ఇంకుడు గుంతలతో పర్యావరణహితమైన కొత్త గ్రామం కడతామంటూ ఇళ్ల స్థలాలు అమ్ముతోంది. నేను టోకెన్ అడ్వాన్సు ఇచ్చాను. ఆ భూమిలో కొంత ఒకప్పుడు కొంధు గిరిజన కుటుంబాలదని పెద్దలు అంటున్నారు. పాత తొట్టెల పక్కన వాన వెలిశాక నేల మీద తెల్లటి పొర పేరుకుంటోంది. రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే చేయించుకోవద్దు. పాడుపడిన పరిశ్రమ స్థలంలో మళ్లీ ఊరు వెలియడం మంచి ఆలోచనే. కొత్తగా పొలాలను, అడవిని తినకుండా ఇళ్లు కట్టుకోవడానికి అంతకన్నా మేలైన దారి లేదనే నా అభిప్రాయం. అయితే ఆ భూమి అమ్మేవారికి ఎలా వచ్చిందో, దాని లోపల ఏముందో తేలకముందే మీ సొమ్ము అందులో పడకూడదు.

మొదట హక్కు సంగతి. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. కనుక అక్కడ గిరిజనుల స్థిరాస్తి బదిలీని నియంత్రించే 1956 నాటి రెండవ రెగ్యులేషన్ వర్తిస్తుంది. దాని ప్రకారం గిరిజనుని స్థిరాస్తిని సమర్థాధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా గిరిజనేతరునికి బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లదు. 2002 సవరణ తరువాత అనుమతితో సైతం అలాంటి బదిలీకి అవకాశం లేకుండా పోయింది. ఎన్నో ఏళ్లుగా మా స్వాధీనంలోనే ఉందన్న వాదన కూడా ఇక్కడ పనికిరాదని ఇదే రెగ్యులేషన్ మీద 2003లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అందుచేత కర్మాగారం ఆ భూమిని కొంధు కుటుంబాల వద్ద నేరుగా కొన్నదా, లేక ప్రభుత్వం 1894 భూసేకరణ చట్టం కింద సేకరించి ఇచ్చిందా అన్నదే అసలు ప్రశ్న. నేరుగా కొన్నదైతే నాటి అనుమతి పత్రం చూడాలి. అది లేకుంటే ఆ భూమి ఎన్ని చేతులు మారినా లోపం పోదు, సబ్-కలెక్టర్ దానిని అసలు యజమానికో వారసులకో తిరిగి ఇప్పించగలరు. నష్టపోయే మీ బాధ నాకు అర్థమవుతుంది కానీ ఆ కుటుంబాల హక్కు అంతకన్నా పాతదని మరవకండి. ప్రభుత్వం సేకరించినదైతే భూమి ప్రభుత్వానికి దఖలు పడి ఉంటుంది. అప్పుడు కర్మాగారానికి పూర్తి హక్కు ఇచ్చారా, కేవలం లీజుకిచ్చారా, లీజైతే ఇళ్ల కోసం వాడుకోవడానికి అనుమతి ఉందా అన్నవి చూడాలి.

తహసీలు కార్యాలయంలో పాత, కొత్త పట్టాల నకళ్లు తీసుకుని, ఖాతా, ప్లాటు నంబర్లు సరిచూసి, కిసమ్ (భూమి రకం) గడిలో ఏమి రాసి ఉందో చదివించుకోండి. అవి ఒడియాలో ఉంటాయి కనుక అమ్మకందారు మనిషి చేత కాక, మీకు నమ్మకమైన వారి చేత చదివించుకోవడం మంచిది. వ్యవసాయ భూమిగానే ఉంటే ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ సెక్షన్ కింద వ్యవసాయేతర భూమిగా మార్పిడి జరగాలి.

ఇక నేల సంగతి. మీరు చెప్పిన తెల్లటి పొర ఉప్పు కావచ్చు, సున్నం కావచ్చు, అంతకన్నా ప్రమాదకరమైనదీ కావచ్చు. పరీక్ష చేయిస్తే తప్ప తెలియదు. పర్యావరణహితం అన్న పేరుతో అక్కడ ఇంకుడు గుంతలు తవ్వితే, శుద్ధి కాని నేలలోని విషాన్ని వాననీరు నేరుగా బావుల్లోకి దించుతుంది. అందుకని ముందు శుద్ధి, తరువాతే ఇంకుడు గుంత. 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలను ప్రకటించింది. వాటి ప్రకారం అనుమానిత స్థలాల వివరాలను జిల్లా యంత్రాంగం పంపాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి పరీక్షించి నిర్ధారించాలి, శుద్ధి ఖర్చును కాలుష్యానికి కారకులైనవారు భరించాలి. మీరు, మీ ఊరివారు కలిసి ఆ పొర ఫొటోలతో, ప్లాటు నంబర్లతో కలెక్టరుకు, రాయగడలోని మండలి ప్రాంతీయ కార్యాలయానికి అర్జీ పెట్టుకుని రసీదు తీసుకోండి. కర్మాగారానికి ఇచ్చిన అనుమతులు, వ్యర్థాల నివేదికల ప్రతులను సమాచార హక్కు చట్టం కింద ఫారం-ఎ నింపి, పది రూపాయల రుసుముతో కోరవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఎవరూ కదలకపోతే, పర్యావరణ వివాదాలను విచారించే జాతీయ హరిత ట్రిబ్యునల్ తూర్పు ప్రాంత ధర్మాసనం కోల్‌కతాలో ఉంది.

అడ్వాన్సు విషయానికొస్తే, ఆ స్థలం ప్రణాళికా ప్రాంతంలో ఉండి, విస్తీర్ణం 500 చదరపు మీటర్లు దాటితే, ఒడిశా రెరాలో (స్థిరాస్తి నియంత్రణ సంస్థలో) నమోదు కాకుండా అమ్మకానికి ప్రకటించడమే చట్టవిరుద్ధం. నమోదైన ప్రాజెక్టులో సైతం రిజిస్టరైన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పది శాతానికి మించి తీసుకోకూడదు. పైన చెప్పిన పత్రాలన్నీ పదిహేను రోజుల్లో చూపాలని, లేదా సొమ్ము తిరిగివ్వాలని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. స్పందన లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అభివృద్ధి చేసి ఇళ్ల స్థలాలు ఇస్తామనడం సేవ కిందికే వస్తుందని 2012లో సుప్రీంకోర్టు చెప్పింది. వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి కనుక టోకెన్ రసీదును, నోటీసు నకలును, పోస్టాఫీసు రసీదును జాగ్రత్త చేయండి.