లిపి రాకపోయినా ఎత్తిరాయవచ్చా?

ప్రశ్న: మధ్యయుగపు యూదుల రాతప్రతులను ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్‌లో ఎత్తిరాసే స్వచ్ఛంద సేవ ఒకటి ఉందని మా అమ్మాయి చెప్పింది. ఉద్యోగ విరమణ చేశాను కనుక తీరిక ఉంది గాని, హీబ్రూలో ఒక్క అక్షరం రాదు. నాబోటివారి చేత ఆ పని చేయించడం సబబేనా? తప్పులు దొర్లవా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయి చెప్పినది బహుశా కైరో గెనీజా పత్రాల పని అయి ఉంటుంది. పాత కైరోలోని ఫుస్తాత్‌లో బెన్ ఎజ్రా అనే యూదుల ప్రార్థనామందిరం ఉంది. దైవనామం ఉన్న కాగితాన్ని పారవేయకూడదన్న నియమం వల్ల అక్కడివారు చిరిగిన గ్రంథాలను ‘గెనీజా’ అనే ఒక గదిలో వేస్తూ వచ్చారు. హీబ్రూ అక్షరాలున్న అప్పుపత్రాలు, పెళ్లి ఒడంబడికలు, వర్తకుల ఉత్తరాలు, చివరికి పిల్లలు అక్షరాలు దిద్దుకున్న పుటలు కూడా ఆ గదికే చేరాయి. 1896లో ఇద్దరు కవల అక్కచెల్లెళ్లు తెచ్చిన రాతప్రతి పుటలను కేంబ్రిడ్జిలో పరిశీలించిన హీబ్రూ పండితుడు సాలమన్ షెక్టర్, ఆ వెంటనే స్వయంగా కైరో వెళ్లి సుమారు 1,93,000 తునకలను తీసుకువచ్చాడు. మిగిలినవి అనేక దేశాల గ్రంథాలయాలకు చెదిరిపోయాయి.

ఇంత కుప్పను కొద్దిమంది పండితులే చదివి ముగించడం అయ్యే పని కాదు. అందుకే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు, మరికొన్ని సంస్థలతో కలిసి, 2017లో, స్వచ్ఛంద సేవకులు పరిశోధనలకు సాయపడే జూనివర్స్ అనే అంతర్జాల వేదిక మీద ఈ పనిని ప్రజలకు తెరిచాయి. మొదట హీబ్రూ లిపి పత్రాలను, అరబిక్ లిపి పత్రాలను వేరుచేయించి, ఆ తరవాత ఎత్తిరాయించడం మొదలుపెట్టారు. తెరమీద పత్రం, దాని పక్కన అక్షరాల పలక కనిపిస్తాయి. పంక్తిలోని ఆకారాన్ని పలకలోని ఆకారంతో పోల్చి, కుడి నుంచి ఎడమకు ఒక్కొక్క అక్షరమే నొక్కుకుంటూ పోవాలి. ఒకే పంక్తిని పలువురు విడివిడిగా ఎత్తిరాస్తారు కాబట్టి ఒకరి పొరపాటు మరొకరి పాఠంతో పోల్చినప్పుడు బయటపడుతుంది.

తప్పులు దొర్లుతాయి, నిజమే. మన చేతిరాతలో ‘వ’, ‘ప’ ఒకటిగా కనబడినట్లే, హీబ్రూలో దాలెత్, రేష్ కవలల్లా ఉంటాయి: పైగీత, నిలువుగీత కలిసే మూల కోసుగా ఉంటే దాలెత్, గుండ్రంగా తిరిగితే రేష్. ‘దేవుడు ఒక్కడే’ అనే యూదుల ప్రసిద్ధ ప్రార్థనావాక్యంలో ‘ఎహాద్’ చివరి దాలెత్‌ను రేష్‌గా చదివితే ‘ఒక్కడు’ కాస్తా ‘వేరొకడు’ అవుతాడు. అయితే భాష వచ్చినవారి కన్ను మాట సగంలోనే అర్థాన్ని ఊహించుకుని ముందుకు దూకుతుంది. రానివారు ప్రతి మూలనూ చూసి తీరాలి. ఈ ఒక్క విషయంలో మీ తెలియనితనం మీకు అడ్డు కాదనే నా అభిప్రాయం.

పైగా హీబ్రూ వచ్చినవారికి సైతం ఈ పత్రాలన్నీ అర్థం కావు. మనం సంస్కృత శ్లోకాన్ని తెలుగు లిపిలో రాసుకున్నట్లే, ఆ వర్తకులు తమ అరబిక్‌ను హీబ్రూ అక్షరాలలో రాసుకున్నారు. వారిలో అబ్రహాం బెన్ యిజు అనే ట్యునీషియా వ్యాపారి 12వ శతాబ్దంలో మంగళూరులో ఏళ్ల తరబడి ఉండి, కంచు పాత్రల కార్ఖానా నడిపాడు. అరేబియా తీరపు రేవు ఏడెన్‌లోని మిత్రులు అతనికి ఉత్తరాలతో పాటు కాగితం కూడా పంపేవారు; మన తీరంలో అప్పుడు రాతకు తాటాకులే కదా! మంగళూరులో అతను రాసుకున్న వ్యాపారపు లెక్కలు కైరోలోని గదిలో దొరకడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

చేరేముందు ఆ పథకంలో ప్రస్తుతం ఏ దశ పనైనా తెరిచి ఉందో లేదో మీ అమ్మాయి చేత చూపించుకోండి. గ్రంథాలకు వాడే చదరపు రాతలో అక్షరాలు విడివిడిగా నిలబడతాయి కనుక వాటితో మొదలుపెట్టండి. ఉత్తరాల గొలుసురాత జోలికి మాత్రం ఒకటి రెండు నెలలు పోవద్దు. ఈలోగా చేయి అలవాటు కావాలంటే తెలుగు వికీసోర్స్ అనే అంతర్జాల గ్రంథాలయంలో పాత పుస్తకాల పుటలు దిద్దవచ్చు. అక్కడ కూడా ఒకరు దిద్దిన పుటను మరొకరు సరిచూసి ఆమోదిస్తారు.