గ్రావెల్ నేల ఎండలో గట్టిగా ఉండి, వానకు ఎందుకు కుంగుతుంది? సిమెంటు కలపాలా, సున్నమా?

బలం రాళ్లదే, గుణం మాత్రం సందుల్లోని మెత్తని మట్టిది. 75 మైక్రాన్ల జల్లెడ దాటే పొడి తక్కువైతే రాళ్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని బరువు మోస్తాయి. అది ఎక్కువై, పైగా బంకమన్నైతే, రాళ్లు అందులో తేలుతుంటాయి, తడిస్తే జారిపోతాయి. గుప్పెడు తడిపి పిసకండి: వేళ్లకు జిగటగా అంటుకుందంటే అనుమానించాల్సిందే. అసలు పొడే లేకపోయినా చిక్కే, చక్రాల కింద రాళ్లు లేచిపోతాయి.

ప్లాస్టిసిటీ ఇండెక్స్ (మట్టి ఎంత బంకగా ఉందో చెప్పే ల్యాబ్ అంకె) 10 లోపుంటే సాధారణంగా సిమెంటు. అంతకంటే బాగా ఎక్కువుంటే ముందు సున్నం కలిపి, తడిపి, ఒక రోజు మాగనివ్వాలి.

సిమెంటు, ఎండు మట్టి బరువులో 3 నుంచి 5 శాతం చాలు. లెక్క చూడండి: 150 మి.మీ. పొర, ఘనపు మీటరుకు 2,100 కిలోలు అనుకుంటే చదరపు మీటరుకు 315 కిలోల మట్టి. 4 శాతమంటే 12.6 కిలోలు, 50 కిలోల బస్తా నాలుగు చదరపు మీటర్లకు వస్తుంది. ఎక్కువ వేస్తే మేలనుకుంటారు గానీ, పొర బిగుసుకుని వెడల్పు పగుళ్లిస్తుంది. నీళ్లు కలిపిన రెండు గంటల్లో రోలింగ్ అయిపోవాలి. ఆలస్యమైతే అప్పుడప్పుడే కట్టిన బంధాన్ని రోలరే విరగ్గొడుతుంది. ఏడు రోజులు తడి ఆరనివ్వొద్దు.

ఫీల్డ్ డెన్సిటీ (రోలింగ్ అయ్యాక పొర సాంద్రత) ల్యాబ్ గరిష్ఠంలో 100 శాతం దాటితే మురిసిపోకండి. ఆ గరిష్ఠాన్ని తేల్చే ప్రాక్టర్ పరీక్ష అచ్చులో పెద్ద రాళ్లు తీసేసి ఉంటారు, ఆ సవరణ చేశారో లేదో అడగండి.