నేమ్ ప్లేటు లేని అమ్మోనియా రిసీవర్‌కి హైడ్రో టెస్ట్ ఒక్కటే చాలదు

భీమవరం దగ్గర పాత ఐస్ ప్లాంటు కొన్నామని, అమ్మోనియా రిసీవర్‌కి (ద్రవ అమ్మోనియా నిలవుండే ప్రెషర్ ట్యాంకు) నేమ్ ప్లేటు, డ్రాయింగులు ఏవీ లేవని, హైడ్రో టెస్ట్ (నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూడటం) పాసైతే నడుపుకోవచ్చా అని అడిగారు. దయచేసి అప్పుడే నడపకండి. ఆ రోజు ఆ ప్రెషర్‌కి పగల్లేదని తప్ప ఆ టెస్ట్ ఇంకేమీ చెప్పదు. పైగా ఎంత ప్రెషర్‌కి టెస్ట్ చేయాలో తేలాలంటే ముందు ట్యాంకు ఎంత తట్టుకుంటుందో లెక్క కట్టాలి.

నేను నరసాపురం, ఆకివీడు వైపు ఐస్ ప్లాంట్ల మెయింటెనెన్స్ చేశాను. కాగితాలు లేని ట్యాంకుకి కొలతల నుంచే లెక్క కట్టేవాళ్ళం. అల్ట్రాసోనిక్ మీటరుతో షెల్లు (ట్యాంకు గుండ్రటి ఒళ్ళు), రెండు డిష్ ఎండ్లు (చివరి మూతలు), నాజిళ్ళ (పైపులు కలిసే చోట్ల) చుట్టూ మందం చూసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెనే తీసుకోవాలి, సగటు కాదు. మన ఉప్పుగాలికి సాడిల్ (ట్యాంకు ఆనే దిమ్మ) అంచులని, ఇన్సులేషన్ లోపలి భాగాలని తుప్పు ముందు తినేస్తుంది. ఒకచోట పెయింటు నిగనిగలాడుతున్న రిసీవర్‌కి సాడిల్ పక్కన గోకితే తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది.

ఉదాహరణకి లోపలి వ్యాసం 800 మి.మీ., కనీస మందం 8 మి.మీ. అనుకోండి. ముందు ముందు పట్టే తుప్పుకి 1 మి.మీ. తీసేస్తే మిగిలేది 7. ఏ స్టీలో తెలియదు కాబట్టి ఆ స్టీలు మీద అనుమతించే ఒత్తిడి (స్ట్రెస్) 100 మెగాపాస్కల్స్ దాటనివ్వను. రెండువైపులా వేసిన వెల్డింగే అయినా ఎక్స్‌రే రికార్డు లేదు కాబట్టి జాయింటు బలం 0.7, అంటే ప్లేటు బలంలో 70 శాతమే. ఇవన్నీ ప్రెషర్ సూత్రంలో పెడితే ట్యాంకు తట్టుకునేది సుమారు 12 బార్. మన ఎండల్లో కండెన్సింగ్ (అమ్మోనియా ఆవిరి ద్రవంగా మారే) ఉష్ణోగ్రత 40 డిగ్రీలకి వెళ్తే అమ్మోనియా గేజు ప్రెషరే 14.5 బార్ దాకా ఉంటుంది. చూడ్డానికి దిట్టంగా కనిపించే 8 మి.మీ. ప్లేటు అక్కడే ఫెయిల్.

లెక్క సరిపోయినా అమ్మోనియా వల్ల వెల్డుల దగ్గర సన్నని పగుళ్ళు రావచ్చు, అవి మందం మీటరుకి దొరకవు. లోపలి నుంచి మాగ్నెటిక్ పార్టికల్ టెస్ట్ (అయస్కాంతం, ఇనుప పొడితో పగుళ్ళు పట్టే పరీక్ష) చేయించండి. ఆ తర్వాతే హైడ్రో టెస్ట్. అమ్మోనియా పూర్తిగా ఖాళీ చేసి, నీళ్ళతోనే. గాలితో చేస్తామనేవాళ్ళని గేటు దాటనివ్వకండి, పగిలితే మనుషులు పోతారు.

ఇదంతా ఫ్యాక్టరీల శాఖ గుర్తించిన కాంపిటెంట్ పర్సన్ దగ్గరుండి చేసి, సంతకం పెట్టాలి. సేఫ్టీ వాల్వు కూడా ఆయన తేల్చిన ప్రెషర్ మించకుండా సెట్ చేయించండి. ప్రెషర్ చాలదని తేలితే పైన ప్లేటు అతికించే పని పెట్టుకోకుండా, కాగితాలున్న కొత్త రిసీవర్ కొనమనే నా సలహా.